పక్క ఊరితో పోటీ: ఐర్లండు హర్లింగు ఆట చెప్పే పాఠం

పొరుగువారితో పోటీ మంచిదా, చెడ్డదా? పోటీ లేనిదే ఎదుగుదల లేదని కొందరంటారు. పోటీయే పగకు మూలమని మరికొందరంటారు. ఇద్దరి మాటలోనూ నిజముంది. అందుచేత ఈ ప్రశ్నకు జవాబును ఊహల్లో వెతకడంకంటె, ఒక జాతి తన జీవితంలో దీన్ని ఎలా పరిష్కరించుకుందో చూడటం మేలు. ఈ వారం మన పాఠం కోసం ఐర్లండు దేశపు పల్లెలకు వెళదాం. అక్కడ హర్లింగు అనే పురాతనమైన కర్రాట ఉంది. ఆ ఆటలో ఊరికీ ఊరికీ మధ్య నడిచే పోటీ నూరేళ్లకు పైబడి ఆరకుండా వెలుగుతోంది. అది కొన్నిసార్లు వంట పొయ్యిలాగా ఊరికి ఉపయోగపడింది, కొన్నిసార్లు చేతులు కాల్చింది. రెండూ చూద్దాం.

1. ఆట స్వరూపం

ముందు ఆటను తెలుసుకుందాం. జట్టుకు 15 మంది. ప్రతి ఒక్కరి చేతిలో యాష్ అనే చెట్టు కలపతో చేసిన వంపు కర్ర ఉంటుంది. దాని పేరు హర్లీ. చెట్టు మొదట్లో, వేళ్లు విచ్చుకునే చోట కలప సహజంగానే వంపు తిరిగి ఉంటుంది. ఆ భాగంతోనే మంచి హర్లీ తయారవుతుంది. తోలు తొడిగిన చిన్న బంతిని స్లిటర్ అంటారు. దాని బరువు 110 నుండి 120 గ్రాములు మాత్రమే.

మైదానం పొడవు 130 నుండి 145 మీటర్లు, వెడల్పు 80 నుండి 90 మీటర్లు. రెండు చివరలా ఆంగ్ల అక్షరం హెచ్ ఆకారంలో గోలు స్తంభాలుంటాయి. బంతి అడ్డుకర్రకు పైగా వెళితే ఒక పాయింటు. కింద వలలో పడితే గోలు. ఒక గోలు మూడు పాయింట్లతో సమానం. అందుకే వారి లెక్క మనకు మొదట వింతగా ఉంటుంది. 2-17 అంటే రెండు గోళ్లు, పదిహేడు పాయింట్లు. మొత్తం 23 అన్నమాట.

కర్రలు గాలిలో తిరుగుతుండగా, తల ఎత్తులో బంతి దూసుకుపోతుండగా ఆడే ఆట ఇది. 2010 నుండి ఆటగాళ్లందరికీ శిరస్త్రాణం తప్పనిసరి చేశారు. స్త్రీలు ఆడే రూపాన్ని కమోగీ అంటారు. దాని సంఘం 1904లో ఏర్పడింది. 2018లో యునెస్కో సంస్థ హర్లింగును మానవజాతి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇంత చెప్పినా అసలు సంగతి ఇంకా చెప్పలేదు. ఈ ఆట ఆడేవారిలో ఎవరికీ జీతం లేదు. దేశమంతటికీ పేరు తెలిసిన ఆటగాడు కూడా సోమవారం ఉదయం పాఠాలు చెప్పడానికో, పాలు పితకడానికో, కరెంటు పనికో వెళ్లవలసిందే.

2. ఆటకు ముందు అక్కడ ఏముంది?

పోటీని అర్థం చేసుకోవాలంటే, దానికి హద్దులు లేని రోజుల్లో ఏం జరిగిందో చూడాలి. పందొమ్మిదవ శతాబ్దపు మొదటి సగంలో ఐర్లండు పల్లెల్లో ముఠా తగాదాలు ఎక్కువ. సంతల్లో, తిరునాళ్లలో, గుర్రప్పందాల దగ్గర ఒక వంశంవారూ మరో వంశంవారూ కర్రలు పట్టుకుని గుంపులుగా తలపడేవారు. 1834 జూన్ 24వ తేదీన కెర్రీ కౌంటీలోని బాలీయా సముద్రతీరంలో గుర్రప్పందాలు జరిగాయి. అక్కడ రెండు వర్గాలు కొట్టుకోగా సుమారు 20 మంది చనిపోయారు. గురువులు బలిపీఠం నుండి ఎంత మందలించినా ఇటువంటి కొట్లాటలు చాలాకాలం ఆగలేదు.

హర్లింగు అప్పటికే ఉంది. కాని అందరికీ ఒకే నియమం లేదు. ఒక్కొక్క ప్రాంతంలో ఒక్కొక్క రీతి. తరువాత 1845లో మొదలైన మహా కరువు వచ్చింది. సుమారు పది లక్షల మంది చనిపోయారు, మరో పది లక్షల మంది ఓడలెక్కి వెళ్లిపోయారు. ఆడేవారే లేక చాలా ఊళ్లలో ఆట మూగబోయింది.

ఈ స్థితిలో క్లేర్ కౌంటీలో పుట్టిన మైకేల్ క్యూసాక్ అనే ఉపాధ్యాయుడు ముందుకు వచ్చాడు. 1884 నవంబరు 1వ తేదీన, సకల పునీతుల పండుగనాడు, టిప్పరెరీ కౌంటీలోని థర్లెస్ పట్టణంలో ఒక హోటలు గదిలో కొద్దిమంది సమావేశమయ్యారు. గేలిక్ అథ్లెటిక్ సంఘం అక్కడే పుట్టింది. మారిస్ డేవిన్ అనే పేరుపొందిన క్రీడాకారుడు మొదటి అధ్యక్షుడు. క్యాషెల్ అగ్రపీఠాధిపతి థామస్ క్రోక్ గారు మొదటి పోషకులలో ఒకరు. డబ్లిన్ నగరంలో ఈనాడు 82 వేల మందికి పైగా పట్టే ప్రధాన క్రీడాస్థలాన్ని క్రోక్ పార్క్ అంటారు. అది వారి పేరే.

ఆ సంఘం చేసిన పని ఏమిటి? పోటీని రద్దు చేయలేదు. దానికి కొలిచిన మైదానాన్ని ఇచ్చింది, రాసిన నియమాలను ఇచ్చింది, ఈల పట్టుకున్న మధ్యవర్తిని ఇచ్చింది. చేతిలోని కర్రను లాక్కోలేదు. ఆ కర్రతో మనిషిని కాదు, బంతిని కొట్టమని చెప్పింది. ఇది మనం గుర్తుంచుకోవలసిన మొదటి విషయం.

3. విచారణే సరిహద్దు

క్లబ్బుకు పునాది ఏమిటి అనే ప్రశ్నకు సంఘం తేలికైన జవాబును ఎంచుకుంది. అప్పటికే ప్రతి పల్లెవాసికీ తన విచారణ ఏదో తెలుసు. ఎక్కడ జ్ఞానస్నానం పొందాడో, ఏ సమాధుల తోటలో తాతముత్తాతలు ఉన్నారో తెలుసు. కనుక ఒక విచారణకు ఒక క్లబ్బు అనే సూత్రం వచ్చింది. ఈనాటికీ అనేక కౌంటీలలో ఆటగాడు తన సొంత విచారణ క్లబ్బుకే ఆడాలన్న నిబంధన ఉంది. వివరాలు కౌంటీనిబట్టి మారతాయిగాని ఆలోచన ఒక్కటే.

దీని ఫలితం చూడండి. డబ్బున్న క్లబ్బు పక్క ఊరి మంచి ఆటగాడిని కొనుక్కోలేదు. ఉన్న పిల్లలతోనే జట్టు కట్టాలి. గోలు దగ్గర నిలబడటానికి ఎవరూ లేకపోతే, ఊళ్లోని ఒక కుర్రవాడికి పదేళ్లు నేర్పించాలి. ప్రతిభ కొనే వస్తువు కాదు, పెంచే పంట అయింది.

క్లబ్బుల పేర్లలోనే వారి చరిత్ర కనబడుతుంది. కొన్ని పునీతుల పేర్లు: సెయింట్ ఫిన్‌బార్స్, సెయింట్ రైనాస్, సెయింట్ థామస్. కొన్ని దేశ వీరుల పేర్లు: సార్స్‌ఫీల్డ్స్ వంటివి. మరికొన్ని జంట పేర్లు: మోయ్‌కార్కీ-బారిస్, క్లొనూల్టీ-రోస్మోర్. జంట పేరు కనబడితే రెండు చోట్లవారు ఒకే చొక్కా తొడుక్కుంటున్నారని అర్థం.

పెద్ద పోటీకి ముందు వారం ఆ ఊళ్లకు వెళితే కరెంటు స్తంభాలకు, గేట్లకు క్లబ్బు రంగుల జెండాలు కట్టి ఉంటాయి. రోడ్డు మీద కొంతదూరం వెళ్లేసరికి రంగులు మారిపోతాయి. సరిహద్దు రాయి అక్కరలేదు. పక్క విచారణలోకి వచ్చామని జెండాయే చెబుతుంది.

ఇక్కడే పోటీకి పదును వస్తుంది. దూరపు ఊరి చేతిలో ఓడితే ఆ బాధ ఒక్క పూటతో పోతుంది. పక్క ఊరి చేతిలో ఓడితే రేపు పాల కేంద్రంలో వారి ముఖం చూడాలి, బడి గేటు దగ్గర చూడాలి, పెళ్లిలో ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి. భార్యది ఒక ఊరు, భర్తది ఒక ఊరు అయితే ఆ ఇంటి సంగతి చెప్పనక్కరలేదు.

4. పోటీల మెట్లు

పోటీల అమరికను మెట్లుగా ఊహించుకుంటే సులభంగా అర్థమవుతుంది.

మొదటి మెట్టు కౌంటీ. కౌంటీలోని క్లబ్బులను శక్తినిబట్టి సీనియర్, ఇంటర్మీడియట్, జూనియర్ అనే తరగతులుగా విభజిస్తారు. కింది తరగతిలో గెలిచినవారు పైకి వస్తారు, పైన వెనుకబడినవారు కిందికి దిగుతారు. అందువల్ల చిన్న ఊరికి కూడా తనతో సమానమైన ప్రత్యర్థి దొరుకుతాడు. టిప్పరెరీలో సీనియర్ విజేతకు డాన్ బ్రీన్ కప్పు, కార్క్‌లో షాన్ ఓగ్ మర్ఫీ కప్పు, క్లేర్‌లో క్యానన్ హామిల్టన్ కప్పు ఇస్తారు.

రెండవ మెట్టు ప్రావిన్సు. మన్‌స్టర్, లెన్‌స్టర్, అల్‌స్టర్ ప్రాంతాలలో కౌంటీ విజేతలు తలపడతారు.

మూడవ మెట్టు ఐర్లండు అంతటి పోటీ. పై మూడు ప్రావిన్సుల విజేతలు, గాల్వే కౌంటీ విజేత కలిసి నలుగురు సెమీఫైనలుకు చేరతారు. చివరి విజేతకు టామీ మూర్ కప్పు దక్కుతుంది. ఈ క్లబ్బు పోటీ 1970-71లో మొదలైంది. మొదటి విజేత టిప్పరెరీకి చెందిన రోస్‌క్రే. చాలా ఏళ్లపాటు ఈ ఫైనలును మార్చి 17న, పునీత పాట్రిక్ పండుగనాడు, క్రోక్ పార్క్‌లో ఆడేవారు. 2020 నుండి దాన్ని జనవరికి మార్చారు.

దీనికి సమాంతరంగా కౌంటీ జట్ల మధ్య పోటీ ఒకటి ఉంది. దాని కప్పు పేరు లియమ్ మెకార్తీ. ఇక్కడ నిన్నటి ప్రత్యర్థులు ఒకే చొక్కా తొడుగుతారు. ఒక చారిత్రక విశేషం గమనించండి. తొలి రోజుల్లో కౌంటీ తరఫున కౌంటీ విజేత క్లబ్బే ఆడేది. 1887 సంవత్సరపు మొదటి ఫైనలు 1888 ఏప్రిల్ 1న, ఈస్టరు ఆదివారంనాడు, బర్ పట్టణంలో జరిగింది. టిప్పరెరీ తరఫున థర్లెస్, గాల్వే తరఫున మీలిక్ ఆడగా థర్లెస్ గెలిచింది. అప్పుడు జట్టుకు 21 మంది. తరువాత 17, ఆ తరువాత 1913లో 15 అయ్యారు.

5. ఒక నగరం, మూడు క్లబ్బులు

ఇప్పుడు పోటీ మేలు చేసిన ఒక ఉదాహరణ. కార్క్ నగరంలో బ్లాక్‌రాక్, గ్లెన్ రోవర్స్, సెయింట్ ఫిన్‌బార్స్ అనే మూడు క్లబ్బులున్నాయి. ఒకటి నగరానికి తూర్పున నదీతీరాన, ఒకటి ఉత్తరాన, ఒకటి దక్షిణాన. ముగ్గురిదీ తరతరాల స్పర్ధ. గ్లెన్ రోవర్స్ 1934 నుండి 1941 వరకు వరుసగా ఎనిమిదిసార్లు కౌంటీ విజేత అయింది. తరువాతి కాలంలో దేశ ప్రధానమంత్రి అయిన జాక్ లించ్ ఆ క్లబ్బువాడే. 1977లో గ్లెన్ రోవర్స్, సెయింట్ ఫిన్‌బార్స్ మధ్య జరిగిన కౌంటీ ఫైనలుకు 34 వేల మందికి పైగా వచ్చారు. ఒకే నగరంలోని రెండు క్లబ్బుల ఆట అది!

ఈ స్పర్ధ వారిని బలహీనపరచిందా? లెక్క చూడండి. 1972 నుండి 1979 వరకు ఎనిమిదిసార్లు ఐర్లండు క్లబ్బు కప్పు పోటీ జరిగితే, ఏడుసార్లు ఆ కప్పు ఈ మూడు క్లబ్బులలోనే ఏదో ఒకదానికి వచ్చింది. బ్లాక్‌రాక్‌కు మూడు, మిగిలిన ఇద్దరికీ రెండేసి. 1976లో మాత్రం కిల్కెన్నీకి చెందిన జేమ్స్ స్టీఫెన్స్ గెలిచింది. తమ నగరంలో గెలవడమే కష్టమైనవారికి దేశంలో గెలవడం తేలికైంది. సానరాయి ఇంటి పక్కనే ఉంటే కత్తి మొద్దుబారదు.

ఇంకొక ముచ్చట. కార్క్‌లో కౌంటీ విజేత క్లబ్బు మరుసటి ఏడాది కౌంటీ జట్టు నాయకుడిని సూచించే ఆచారం ఉండేది. కార్క్ కౌంటీ జట్టు 1976, 1977, 1978 సంవత్సరాలలో వరుసగా మూడుసార్లు ఐర్లండు విజేత అయింది. 1976లో కప్పు అందుకున్న నాయకుడు బ్లాక్‌రాక్‌కు చెందిన రే కమిన్స్. 1977లో గ్లెన్ రోవర్స్‌కు చెందిన మార్టిన్ ఓడోహర్టీ. 1978లో సెయింట్ ఫిన్‌బార్స్‌కు చెందిన చార్లీ మెకార్తీ. మూడేళ్లలో మూడు క్లబ్బులు, ముగ్గురు నాయకులు, ఒకే ఎర్ర చొక్కా! నిన్న తనను ఓడించిన క్లబ్బువాడే నేడు తన నాయకుడు. అతని వెనుక నడవడానికి మిగిలినవారు వెనకాడలేదు. పోటీకి ఇంతకంటె మంచి పరీక్ష ఉండదు.

6. మూడు పల్లెలు, ఒక క్లబ్బు

రెండవ ఉదాహరణ దీనికి భిన్నమైనది. కిల్కెన్నీ కౌంటీ దక్షిణాన బాలీహేల్, నాక్‌టోఫర్, నాక్‌మోయ్‌లన్ అనే చిన్న చోట్లున్నాయి. 1972లో ఆ మూడూ కలిసి బాలీహేల్ షామ్‌రాక్స్ అనే ఒకే క్లబ్బు అయ్యాయి. సొంత జెండాను మడిచి పెట్టి పొరుగువారి పక్కన నిలబడటం గర్వం ఉన్నవారికి తేలిక పని కాదు. కాని ఆరేళ్లలో, 1978లో, వారు మొదటిసారి కిల్కెన్నీ సీనియర్ విజేతలయ్యారు. 1981లో ఐర్లండు క్లబ్బు ఫైనలులో ఓడించింది ఎవరిననుకున్నారు? కార్క్‌కు చెందిన సెయింట్ ఫిన్‌బార్స్‌నే. ఆ రోజు బాలీహేల్ జట్టులో ఫెనెల్లీ కుటుంబానికి చెందిన ఏడుగురు అన్నదమ్ములు ఆడారు.

2023 నాటికి బాలీహేల్ ఐర్లండు కప్పును తొమ్మిదిసార్లు గెలిచింది. మరే క్లబ్బూ అన్నిసార్లు గెలవలేదు. కిల్కెన్నీకి పది ఐర్లండు పతకాలు గెలిచిన హెన్రీ షెఫ్లిన్ ఈ ఊరివాడు. 2015 మార్చిలో తన క్లబ్బుతో ఐర్లండు కప్పు గెలిచిన కొద్దిరోజులకే కౌంటీ ఆటనుండి విరమించుకున్నాడు. తరువాత తన క్లబ్బుకే శిక్షకుడై 2019, 2020 సంవత్సరాలలో కప్పు తెచ్చాడు.

అయితే గొప్ప జట్టుకూ సమవుజ్జీ దొరుకుతాడు. 2022 ఫిబ్రవరి 12న క్రోక్ పార్క్‌లో బాలీహేల్, వాటర్‌ఫోర్డ్ కౌంటీకి చెందిన బాలీగన్నర్ తలపడ్డాయి. సమయం ముగిసి అదనపు నిమిషాలు నడుస్తున్నాయి. బాలీగన్నర్ రెండు పాయింట్లు వెనుకబడి ఉంది. ఆ చివరి క్షణంలో హారీ రడిల్ అనే ఆటగాడు దూరం నుండి కొట్టిన బంతి వలలో పడింది. 2-17 కు 1-19. లెక్క కట్టండి: 23, 22. ఒకే ఒక్క పాయింటు! వాటర్‌ఫోర్డ్ కౌంటీకి ఆ కప్పు రావడం అదే మొదటిసారి. మరుసటి సీజనులో సెమీఫైనలులో ఈ రెండు జట్లే మళ్లీ కలిశాయి. ఈసారి బాలీహేల్ గెలిచి, 2023 జనవరిలో కప్పును కూడా తీసుకుపోయింది.

7. పొరుగువాడి కప్పు

గెలిచినవారి కథలే చెబితే పాఠం సగమే అవుతుంది. ఉత్తరాన ఆంట్రిమ్ కౌంటీలో లాక్‌గీల్, డన్‌లాయ్ అనే పొరుగు ఊళ్లున్నాయి. లాక్‌గీల్ 1983లో, 2012లో ఐర్లండు క్లబ్బు కప్పు గెలిచింది. డన్‌లాయ్ 1995, 1996, 2003, 2004, 2023 సంవత్సరాలలో, అయిదుసార్లు, ఫైనలు వరకు వెళ్లింది. అయిదుసార్లూ ఓడింది. పక్క ఊరి అలమరలో రెండు విజయాల గుర్తులున్నాయి. వీరికి అయిదు ఓటముల జ్ఞాపకాలున్నాయి.

2004 ఓటమికీ 2023 ఓటమికీ మధ్య ఒక తరం గడిచింది. మొదటి ఓటములనాటి పిల్లలు పెద్దవారై జట్టులోకి వచ్చారు. ఇన్నిసార్లు భంగపడ్డ ఊరు ఇంకా ఎందుకు కర్ర పడుతుంది? పోటీలో ఓటమి ఎదురైనా విడిచిపెట్టకుండా పిల్లలకు నేర్పడమే క్లబ్బు అసలు పని కాబట్టి. ఇదంతా గెలుపు కోసమే అయితే, ఏటా ఒక్క క్లబ్బు తప్ప మిగిలినవన్నీ మూసివేయవలసిందే.

8. పోటీ తలకెక్కితే

ఇక చేదు మాటలు. ఈ పోటీ ఎల్లప్పుడూ చల్లగా ఉండదు. మైదానంలో కొట్లాటలు జరిగాయి, జరుగుతున్నాయి. గట్టుమీద నిలబడినవారు మధ్యవర్తిని నోటికొచ్చినట్లు తిట్టడం పెద్ద సమస్య. మధ్యవర్తి కూడా జీతం లేనివాడే. ఆదివారం మధ్యాహ్నం తన ఇంటిని వదిలి ఈల పట్టుకుని వచ్చినవాడే. అతడు మానేస్తే ఆటే లేదు. అదీగాక, తిట్టేవాడి పక్కన అతని కొడుకు నిలబడి ఉంటాడు. ఆటకంటె ముందు తిట్టు నేర్చుకుంటాడు.

రెండవది డబ్బు. ఆటగాళ్లకు జీతం లేదన్న నియమం ఉన్నా, బయటనుండి శిక్షకులను తెచ్చి చాటుగా డబ్బిస్తున్నారన్న మాట చాలాకాలంగా ఉంది. 2012లో సంఘమే ఈ విషయంపై ఒక చర్చాపత్రం విడుదల చేసింది. పక్క ఊరు శిక్షకుడిని తెచ్చిందంటే మనమూ తేవాలన్న పట్టుదల దీనికి మూలం. స్పర్ధ నియమాన్ని మింగడం ఇలాగే మొదలవుతుంది.

మూడవది కాలం. కౌంటీ జట్టు ఆటలు వేసవి అంతా సాగేవి. ఒక క్లబ్బులో ఇద్దరు కౌంటీ ఆటగాళ్లుంటే, వారు తిరిగి వచ్చేదాకా క్లబ్బు ఆటలు వాయిదా పడేవి. మిగిలినవారు పెళ్లి ముహూర్తం పెట్టుకోవాలన్నా, సెలవు తీసుకోవాలన్నా తేదీ తెలియదు. ఈ బాధను తీర్చడానికి 2021లో సంఘం ఏడాదిని రెండుగా విభజించింది. ముందు కౌంటీ ఆటలు, తరువాత క్లబ్బు ఆటలు. ఒకప్పుడు సెప్టెంబరులో జరిగే కౌంటీ ఫైనలు 2022లో జూలైలోనే ముగిసింది. పేరున్న కొద్దిమంది కోసం పేరులేని అనేకమంది ఎదురు చూడటం న్యాయం కాదని ఒప్పుకోవడానికి ఇంతకాలం పట్టింది.

9. పొరుగువాడు లేకపోతే?

ప్రియ పాఠకులారా, ఇప్పుడు పాఠంలో ముఖ్యమైన భాగానికి వచ్చాం. ఈ ఆటకు అసలు ప్రమాదం పోటీ వల్ల కాదు, పోటీదారు లేకపోవడం వల్ల.

ఐర్లండు పల్లెల్లోని యువకులు చదువుకు, ఉద్యోగానికి డబ్లిన్‌కో, ఆస్ట్రేలియాకో, ఇంకా దూరానికో వెళుతున్నారు. కొన్ని ఊళ్లలో పదిహేను మంది పిల్లలు దొరకరు. అటువంటి చోట రెండు క్లబ్బులు బాలల జట్టును కలిపి కడుతున్నాయి. నూరేళ్లు ఎదురెదురుగా నిలబడినవారు ఒక బస్సులో కూర్చుంటున్నారు. కొందరు పెద్దలకు అది మింగుడుపడదు. అయినా ఒప్పుకుంటున్నారు, లేకపోతే పిల్లలకు ఆట లేదు గనుక. మరోవైపు నగరాల అంచున ఉన్న క్లబ్బులలో పిల్లలు కిటకిటలాడుతున్నారు, మైదానాలే చాలవు.

ఒకే క్లబ్బు ఎప్పుడూ గెలుస్తున్న చోట కూడా ఇదే చిక్కు. బాలీగన్నర్ 2014 నుండి 2023 వరకు వరుసగా పదిసార్లు వాటర్‌ఫోర్డ్ విజేత అయింది. ఇది వారి శ్రమకు తగిన ఫలితమే, అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కాని మిగిలిన క్లబ్బుల పిల్లవాడు పదేళ్ల వయసునుండి ఇరవై ఏళ్లదాకా ఒకే జట్టు కప్పు ఎత్తడం చూశాడు. అతడిని ఇంకా మైదానానికి రప్పించడం ఎంత కష్టమో ఆలోచించండి.

కలపకు కూడా కష్టకాలమే. యాష్ చెట్లను ఎండబెట్టే ఒక శిలీంధ్ర వ్యాధి 2012లో ఐర్లండులో మొదటిసారి కనబడింది. అప్పటినుండి అది దేశమంతా పాకింది. వెదురుతోనూ కృత్రిమ పదార్థాలతోనూ చేసిన హర్లీలు ఇప్పుడు వస్తున్నాయి. కర్ర మారినా ఆట సాగుతుంది. ఎదుటివాడు లేకపోతే మాత్రం ఏ కర్రా పనికిరాదు.

అక్కడి పల్లెల్లో ఒక ఆచారం ఉంది. క్లబ్బు మనిషి చనిపోతే శవపేటికపై క్లబ్బు చొక్కా ఉంచుతారు. క్లబ్బు సభ్యులు దారికి ఇరువైపులా వరుసగా నిలబడి గౌరవం చూపుతారు. పక్క ఊరి క్లబ్బువారు కూడా వస్తారు. జీవితమంతా ఆ మనిషిని ఓడించాలని చూసినవారే తలవంచి నిలబడతారు. అతడు లేకపోతే తమ ఆటకు అంత అర్థం ఉండేది కాదని వారికి తెలుసు.

క్రిస్టీ రింగ్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. హర్లింగు ఆడినవారిలో గొప్పవాడిగా చాలామంది తలచే ఈ మనిషి క్లొయిన్ అనే పల్లెలో పుట్టాడు. 1941లో కార్క్ నగరంలోని గ్లెన్ రోవర్స్‌లో చేరి, తన క్లబ్బు జీవితపు గొప్ప రోజులన్నీ అక్కడే గడిపాడు. కౌంటీకి ఎనిమిది ఐర్లండు పతకాలు గెలిచాడు. 1979లో చనిపోయినప్పుడు అతడిని సమాధి చేసింది క్లొయిన్‌లోనే. అప్పటి ప్రధాని జాక్ లించ్ సమాధి దగ్గర తన పాత సహచరుని గురించి మాట్లాడాడు. చొక్కా రంగు మారవచ్చు గాని, పుట్టిన మట్టి మనిషిని మరచిపోదు.

10. సారాంశం

ఈ పాఠంనుండి నాలుగు మాటలు మనసులో ఉంచుకుందాం.

ఒకటి: పోటీకి అందరూ ఒప్పుకున్న నియమం, హద్దు ఉండాలి. అవి లేనప్పుడు అదే కర్ర బాలీయా తీరాన ప్రాణాలు తీసింది.

రెండు: పోటీలో ప్రతిభను కొనడంకంటె పెంచడం మేలు. ఊరి పిల్లవాడికి నేర్పిన క్లబ్బే పదికాలాలు నిలుస్తుంది.

మూడు: నిన్నటి ప్రత్యర్థిని రేపు నాయకుడిగా ఒప్పుకోగలిగితేనే ఆ పోటీ ఆరోగ్యంగా ఉన్నట్లు. కార్క్ నగరం దానికి సాక్షి.

నాలుగు: పొరుగువాడి బలం మన నష్టం కాదు. అతడు లేని రోజున మన గెలుపుకు విలువ కట్టేవాడు ఉండడు.

చర్చించుకోవడానికి ప్రశ్నలు

1. కర్రలు లాక్కోకుండా నియమాలు ఇవ్వడంవల్ల గేలిక్ సంఘం ఏం సాధించింది? పోటీని పూర్తిగా నిషేధించి ఉంటే ఏం జరిగేది?

2. సొంత విచారణకే ఆడాలన్న నిబంధన ఆటగాడి స్వేచ్ఛకు అడ్డమా, ఊరికి రక్షణా? రెండు వైపులా వాదించి చూడండి.

3. బాలీహేల్‌లోని మూడు పల్లెలు కలిసినప్పుడు వారు పోగొట్టుకున్నదేమిటి, సంపాదించుకున్నదేమిటి?

4. మైదానం గట్టుమీద పెద్దలు మాట్లాడే మాటలు పిల్లలకు ఏం నేర్పుతాయి? మీరు చూసిన ఒక సందర్భాన్ని పేర్లు చెప్పకుండా వివరించండి.

5. మీకు పోటీగా ఉన్న ఒకరిని తలచుకోండి. వారు లేకపోతే మీ పనిలో ఏం తగ్గేది? ఆ మాట వారితో ఎప్పుడైనా చెప్పారా?